కరెంటు లేని రోజు చూసిన ఇల్లు

డాక్టర్లను పెళ్లిళ్లలో మోకాళ్ల నొప్పుల గురించి అడుగుతారు. వకీళ్లను పొలం గెట్టు పంచాయితీల గురించి అడుగుతారు. విద్యుత్ శాఖలో పెద్ద లైన్ల మీద పనిచేసిన ఇంజనీరును అడిగేది ఒక్కటే: "సార్, టవర్ లైన్ పక్కన ఇల్లొకటి తక్కువకు వస్తున్నది, తీసుకోవచ్చునా?" సరిగ్గా అన్నం ముద్ద నోట్లో ఉన్నప్పుడే అడుగుతారు. నేను ముద్ద మింగేలోపు తీసుకోవచ్చని వాళ్లే తేల్చుకుని పెరుగు దిక్కు వెళ్లిపోతారు.

ఉద్యోగంలో కొత్తగా చేరిన మిమ్మల్ని కూడా రేపో ఎల్లుండో ఈ మాట అడుగుతారు. అందుకని రాస్తున్నాను. జవాబు చెప్పడానికి కాదు. రిటైరై ఇన్నేళ్లయినా నా దగ్గర ఆ జవాబు పూర్తిగా తయారు కాలేదు. నిజంగానే చెప్పాల్సి వచ్చిన ఒక సందర్భంలో ఏం జరిగిందో మాత్రం చెబుతాను.

అప్పుడు నేను నిజామాబాద్‌లో ఉన్నాను. ఎత్తయిన ఇనుప టవర్ల మీద పోయే లైన్ల నిర్వహణ నా పని. నిర్వహణ అన్న మాట వినడానికి బాగుంటుంది. టవర్లెక్కేది మా గ్యాంగ్. నేను కింద నిలబడి మెడ పైకెత్తి చూసేవాణ్ణి. సర్వీసంతా అట్లా చూసినందుకు నాకు మిగిలింది మెడనొప్పి. దాని గురించి నేను కూడా పెళ్లిళ్లలో డాక్టర్లను అడుగుతుంటాను.

ఆ గ్యాంగ్‌కు పెద్ద మా లైన్ ఇన్‌స్పెక్టర్. బోధన్ మనిషి. తండ్రి చక్కెర ఫ్యాక్టరీలో పనిచేస్తే అతను ఫ్యాక్టరీ క్వార్టర్‌లో పుట్టి పెరిగాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక క్వార్టర్ పోయింది. అప్పటి నుంచి కిరాయి ఇళ్లే. నేల మీద నడుస్తుంటే భుజాలు వంగి, ఎవరికో దారి ఇస్తున్నట్టు నడిచేవాడు. టవర్ ఎక్కితే నిటారుగా అయ్యేవాడు. అంత ఎత్తున, అడ్డ ఇనుము మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నవాణ్ణి దిగి రమ్మని నేను కింద నుంచి కేకేస్తే, "ఆగుండ్రి సార్, గీడ గాలి మంచిగుంది" అనేవాడు.

భార్య బీడీలు చేసేది. ఇందూరు, అంటే మా నిజామాబాద్, వాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, కిరాయి ఇంటి ఓనర్లకు, బీడీల్లో పెట్టే తంబాకుకు పడదు. కిరాయి మాట్లాడుకునేటప్పుడు పడుతుంది, నెల తిరిగేసరికి ఓనరు ఇంట్లో ఎవరికో తుమ్ములు మొదలవుతాయి. ఆ దెబ్బకు వాళ్లు మారిన ఇళ్లు గుర్తు పెట్టుకోవడం నా వల్ల కాలేదు. ఏదైనా పనిపడి అతని ఇంటికి వెళ్లాలంటే ముందు ఫోన్ చేసి, ఇప్పుడు ఏ గల్లీ అని అడిగేవాణ్ణి. ఆ ఏడాది ఉన్న ఇంటి ఓనరుకు మాత్రం తుమ్ములు రాలేదు. ఇల్లు కూలగొట్టి దుకాణాలు కడతాను, ఉగాదిలోగా ఖాళీ చేయండని మర్యాదగా చెప్పాడు.

"ఇగ కిరాయికి పోను, సొంతది చూడు" అందట ఆమె. అతను చూశాడు. బోధన్ రోడ్డు వైపు, ఊరి చివర కాలనీలో దొరికింది. రెండు గదులు, ఉత్తరం వైపు వెడల్పాటి వరండా, పైన డాబా. బీడీ పనికి అట్లాంటి వరండా కావాలి. పగలంతా వెలుతురుంటుంది, ఎండ పడి ఆకు ఎండిపోదు. చుట్టుపక్కల ఇళ్లతో పోలిస్తే చాలా తక్కువకు వస్తోంది. ఎందుకు తక్కువో ఎవరినీ అడగాల్సిన పని లేదు, తల ఎత్తితే చాలు. లైన్‌లో ఇటు పక్క చివరి తీగ సరిగ్గా డాబా అంచు మీదుగా పోతోంది.

"మన లైనే సార్" అన్నాడు నాతో, మేనమామ ఇల్లు పక్కనే ఉందన్నట్టుగా.

ఆఫీసులో ఈ సంగతి తెలిసిన రోజు చాయ్ రెండుసార్లు వచ్చింది. మాది విద్యుత్ శాఖ గనక ప్రతి ఒక్కరికీ ఒక అభిప్రాయం ఉంది, అకౌంట్స్ సెక్షన్‌కు రెండు ఉన్నాయి. అక్కడి పెద్దమనిషి లైన్ కింద ఉంటే జుట్టు రాలుతుందన్నాడు. ఆయనకు జుట్టు లేదు, ఇల్లు పులాంగ్ దగ్గర, లైన్ ఛాయలకు కూడా రాదు. ఇంకొకాయన ఆరోగ్యం సంగతి ఎత్తాడు. దాని మీద నేను చదివినంతలో కొందరు అవునంటారు, కొందరు కాదంటారు, అందరూ కలిసి ఇంకా చదవాలంటారు. అదే చెప్పాను. చాయ్ గ్లాసులు తీసుకెళ్లడానికి వచ్చినతను కూడా నన్ను జాలిగా చూశాడు.

ఇన్‌స్పెక్టర్ ఇవేవీ పట్టించుకోలేదు. "సార్, మీరొక్కసారి వచ్చి చూడుండ్రి. మీరు సరే అంటె బయానా ఇస్త. మా ఇంటామెకు గూడ గదే చెప్పిన" అన్నాడు. కాబట్టి ఇల్లు అతనిది, భారం నాది.

చూసే రోజు అతనే కుదిర్చాడు. ఆ ఇంటికి కనుచూపు మేరలోనే ఒక టవర్ మీద, తీగ ఇనుముకు తగలకుండా పట్టుకునే పింగాణీ గిన్నెలు పగిలితే మార్చే పని ఉంది. ఆ రోజు లైన్ బంద్ చేసి, సబ్‌స్టేషన్ నుంచి "ఎల్‌సీ" తీసుకుంటాం, అంటే ఈ తీగలో కరెంటు లేదు, మీరు ముట్టుకోవచ్చని అక్కడి ఆపరేటర్ ఇచ్చే హామీ. ఆ హామీని కూడా మా వాళ్లు పూర్తిగా నమ్మరు. పని చేసే చోటుకు రెండు దిక్కులా తీగను భూమికి కలిపి కట్టుకున్నాకే చెయ్యి పెడతారు. "సార్, మీరెట్లనో ఆడనే ఉంటరు. అన్నం తినే టైముల ఇల్లు చూసొద్దాం. ఇంకో రోజు రావుడెందుకు" అన్నాడు. నాకు కూడా అది చక్కటి ఏర్పాటుగా తోచింది.

చలి ఇంకా పూర్తిగా పోని రోజులు. ఆమె ఆటోలో వచ్చింది. ఇల్లమ్మే పెద్దాయనకు ఊళ్లో బియ్యం దుకాణం ఉంది. దుకాణం మీదనే గదులు వేసుకుని అక్కడికి మారిపోతున్నాడు. తాళం తీసి, "ఇయ్యాల మంచి రోజు వచ్చిండ్రు" అన్నాడు. తిథి గురించి అంటున్నాడనుకున్నాను.

ఆమె వరండాలో గోడకానుకుని కూర్చుని, ఒడిలో చేట ఉన్నట్టు చేతులు పెట్టి చూసుకుంది. కుడి చేతి దిక్కు వెలుతురు సరిపోతుందా, కాళ్లు చాపితే దర్వాజకు అడ్డమవుతాయా అన్నీ చూసుకుంది. "ఎంత సప్పుడు లేకుంట ఉన్నదో" అంది. మేం డాబా ఎక్కాం. తీగ చాలా ఎత్తున, ఆకాశంలో ఎవరో బిగించి గీత గీసినట్టు ఉంది. ఇన్‌స్పెక్టర్ దాన్ని చూసి నవ్వాడు. పొద్దుటి నుంచి దాని మీదే కూర్చుని వచ్చాడు మరి.

"మస్తు ఎత్తున్నది సార్."

"ఎత్తే ఉంది" అన్నాను.

సాయంత్రం పని ముగిశాక ఎల్‌సీ వాపసు ఇవ్వడానికి సబ్‌స్టేషన్‌కు వెళ్లాను. అక్కడి ఆపరేటర్ నిజామాబాద్ పాత మనిషి, వాళ్ల తాతల కాలం నుంచి నెహ్రూ పార్కు వెనక గల్లీలోనే ఉంటున్నారు. నాతో చనువు ఎక్కువ. ఇల్లు చూసొచ్చిన సంగతి అతనికి చెప్పాను.

"ఎప్పుడు చూసిండ్రు సాబ్?"

"పగటీలి. అన్నం టైములో."

అతను పెన్ను పక్కన పెట్టాడు. "అంటె, లైన్ బంద్ ఉండంగ."

నేను అవునన్నాను. అన్న తర్వాత నాకు అర్థమైంది.

"అరె సాబ్, పిల్ల నిద్రపోతుండంగ పెండ్లిచూపులు చూసొచ్చిండ్రా? బహుత్ అచ్ఛా. నిద్రలేచి నోరు తెరిచినంక గద చూడాలె" అని, ఆ నవ్వుతోనే వెళ్లి లైన్‌కు కరెంటు ఇచ్చాడు.

తప్పు ఎక్కడ జరిగిందో మీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది బయటివాళ్లెవరూ చేయలేని తప్పు. మామూలు మనిషి ఎవడైనా ఇల్లు చూడబోతే తీగలో కరెంటు ఉంటుంది. మాకు అట్లా కాదు. మేం లైన్‌ను దగ్గరగా చూసేదే అది బందైన రోజు. బందైన తీగ చల్లగా, బిగువుగా, ఎత్తుగా ఉంటుంది. చప్పుడు చేయదు. దాంతో పాతికేళ్లు కాపురం చేసినవాళ్లకు అదే దాని స్వభావమనిపిస్తుంది. ఎండకూ, లోడుకూ తీగ వేడెక్కి సాగుతుంది, సాగి మధ్యలో కిందికి దిగుతుంది. ఇది కాలేజీలో మొదట్లోనే చెబుతారు. నేను ఆ కాలేజీలోనే చదివాను, ఆ రోజు హాజరు కూడా ఉన్నాను.

ఇన్‌స్పెక్టర్‌కు మర్నాడు చెప్పాను. బయానా ఇంకా ఇవ్వలేదు. "ఎండ ముదిరినంక, బోర్లన్నీ నడిచే టైంలో ఇంకోసారి చూద్దాం" అన్నాను. బోధన్ దిక్కు ఒకప్పుడు చెరుకు ఉన్న పొలాల్లో ఇప్పుడు వరి ఉంది. యాసంగి వరికి, అంటే ఎండాకాలం పంటకు, బోర్లు. బోర్లకు కరెంటు. ఆ లోడంతా ఆ డాబా మీదుగానే పోవాలి. అతను తల ఊపాడు. కానీ ముఖంలో ఏదో మారింది.

అప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. ఆఫీసుకు వెళ్లే దారి మార్చుకున్నాను. మా ఇల్లు కంఠేశ్వర్‌లో, ఆఫీసు ఇంకో దిక్కు, నేను మాత్రం స్కూటర్ మీద బోధన్ రోడ్డు తిరిగి వెళ్లేవాణ్ణి. "పెట్రోలు ఏమైపోతోంది" అని మా ఆవిడ అడిగితే లైన్ తనిఖీ అన్నాను. అది అబద్ధం కాదు. పొద్దున ఒక రకంగా కనపడేది తీగ, మధ్యాహ్నం ఒక రకంగా. ఒక రోజు కిందికి దిగినట్టు, ఇంకో రోజు అంత లేదన్నట్టు. ఫైలు ముందు పెట్టుకుని కిటికీలోంచి ఆకాశం చూస్తుంటే అకౌంట్స్ పెద్దమనిషి వచ్చి, "వాన వస్తదా?" అని అడిగాడు.

ఒకసారి ఇన్‌స్పెక్టర్‌ను కూడా స్కూటర్ మీద ఎక్కించుకుని ఆ గల్లీకి వెళ్లాను. ఆ రోజు మొదటిసారి ఒక విషయం కంటపడింది. ఆ వరుసలో ఏ ఇంట్లోనూ బట్టలారేసుకునే ఇనుప తీగ లేదు. అన్ని డాబాల మీదా ప్లాస్టిక్ తాళ్లే, అది కూడా లైన్‌కు అడ్డంగా కట్టినవి. పక్కింటి డాబా మీద చీర ఆరేస్తున్న ఆవిడను అడిగాను.

"ఇనుప తీగ ఎందుకు కట్టలేదక్కా?"

"కడితిమి సార్, మొదట్ల. తడి చెయ్యి పెట్టంగనే సుర్రుమన్నది." ఆవిడ నా చొక్కా జేబులోని టెస్టర్ వైపు చూసి, "మీరు కరెంటోళ్లా? గా సుర్రుమన్న దానికి గిట్ల బిల్లేస్తరా ఏంది?" అంది.

బిల్లు వేయంలే అని హామీ ఇచ్చాను. పెద్ద లైన్ కింద, దాని వెంబడే పొడుగ్గా ఒక తీగ కడితే, పైదాన్ని ముట్టుకోకుండానే కిందిదాంట్లోకి కొంచెం చేరుతుంది. ప్రాణం తీసేంత కాదు, ప్రాణం ఉలిక్కిపడేంత. భూమికి కలిపితే పోతుంది. ఇదంతా తిరుగుదారిలో ఇన్‌స్పెక్టర్‌కు చెబుతూ వచ్చాను. అతనికి తెలియనిది కాదు. వెనక సీటు నుంచి అతను ముందుకు వంగాడు.

"సార్, మనం ఎల్‌సీ తీసుకోని, రెండు దిక్కుల ఎర్త్ కట్టుకున్నంకనే తీగ ముడుతం గద. గీ ఇంట్ల పండుకుంటె నాకు ఎల్‌సీ ఎవలిస్తరు?"

నాకు నవ్వొచ్చింది. అద్దంలో అతని ముఖం చూసి ఊరుకున్నాను. అంతెత్తున కాళ్లు వేలాడేసుకుని కూర్చునే మనిషి, ఆ తీగ కింద మంచం వేసుకోవడానికి భయపడుతున్నాడు. పైన ఉన్నప్పుడు తాళం తన చేతిలో ఉంటుంది. కింద పడుకుంటే ఎవరి చేతిలోనో ఉంటుంది.

అక్కడి నుంచి అతను సోమవారం వద్దనేవాడు, బుధవారం తీసుకుందామనేవాడు. మధ్యలో మంగళవారం నా టేబుల్ దగ్గరికి వచ్చి కాసేపు నిలబడి వెళ్లిపోయేవాడు. వేరే ఇళ్లు చూశాడు. ఊళ్లోది అందనంత ధర. ఇందల్వాయి దగ్గరిది అందింది, కానీ అక్కడి నుంచి రోజూ డ్యూటీకి రావడం కుదరదు. ఇంకొక దానికి వరండా లేదు. ఉగాది దగ్గరపడుతోంది. బియ్యం దుకాణం పెద్దాయన, మాక్లూర్ దిక్కు నుంచి ఇంకో పార్టీ వచ్చి చూసిపోయిందని కబురు పంపాడు.

"ఒక్క మాట చెప్పుండ్రి సార్. మీరేదంటె గదే" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఇక్కడే వచ్చింది చిక్కు. నా దగ్గర మాటలు రెండున్నాయి. ఇంజనీరు మాట ఒకటి: ఉండాల్సిన దూరం ఉంటే ఉండొచ్చు, పైన గది వేయొద్దు, డాబా మీద పొడుగు కడ్డీలు ఎత్తొద్దు, ఇనుప తీగ కట్టొద్దు. రెండోది కంఠేశ్వర్‌లో ఉండే మనిషి మాట. ఆ మనిషి ఇంటికి దగ్గరగా ఉన్న అతి పెద్ద తీగ టీవీ కేబుల్. ఆ మనిషిని నువ్వైతే కొంటావా అని అడిగితే, అతను చాయ్ చల్లారిపోతోంది అంటాడు. ఈ రెండిట్లో ఏది చెప్పాలో నాకు తెలియలేదు. అందుకని, కొలిచి చెబుతానన్నాను. ఏం చేయాలో తోచనప్పుడు ఇంజనీర్లు కొలుస్తారు.

ఎండ బాగా ముదిరిన ఒక మధ్యాహ్నం మళ్లీ వెళ్లాం. కింద నిలబడి తీగ ఎత్తు చెప్పే చిన్న డబ్బా ఒకటి మా ఆఫీసులో ఉంది. అది పట్టుకుని నేను, ఇన్‌స్పెక్టర్ డాబా ఎక్కాం. ఆమె ఈసారి మాతోపాటు పైకి వచ్చింది. పొలాల్లో బోర్లన్నీ నడుస్తున్నాయి. ఆమె తీగ వైపు తల ఎత్తింది. మొదటిసారి గీత లాగా ఉన్నది ఇప్పుడు తడి బట్టల బరువు మోస్తున్న తాడులా మధ్యలో వంగి ఉంది.

నేను డబ్బా పెట్టి కొలిచాను. ఇంకోసారి కొలిచాను. అటూ ఇటూ జరిగి కొలిచాను.

"ఎంతున్నది సార్?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"రూలు ప్రకారం ఉండాల్సిందే ఉంది. కొంచెం ఎక్కువే."

"ఎక్కువనేనా?"

"కొంచెం."

అతను పెద్దగా ఊపిరి వదిలాడు. ఇంతలో పడమర దిక్కు మబ్బు పట్టింది. ఆ కాలంలో మా దిక్కు అట్లాగే వస్తుంది, తవ్విన పసుపు కళ్లాల్లో ఉన్నప్పుడు. నాలుగు చినుకులు పడ్డాయి. మేం దిగి వరండాలోకి వచ్చేసరికి పైన మొదలైంది. చిట, పట, మళ్లీ చిట. తర్వాత ఎడతెగకుండా, మూకుట్లో ఏదో వేగుతున్నట్టు.

ఆమె తల ఎత్తి, "గదేంది?" అంది.

"తీగ మీద, పింగాణీ గిన్నెల మీద దుమ్ముంటది. దాని మీద తడి పడితే గట్లనే అంటది. ఏం కాదు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతను అప్పటికి నిశ్చయించుకున్నాడు. ఇల్లు కావాలి, ఎత్తు సరిపోయింది, సారు కొలిచారు. నా వైపు చూశాడు.

నేను కూడా, "ఏం కాదమ్మా" అన్నాను. అది ఇంజనీరు మాటే. నిజమే.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని గోడకానుకుని కూర్చుంది. మొదటి రోజు కూర్చున్న చోటే.

"సార్, గీ 'ఏం కాదు' మాట నాకు కొత్త గాదు. పొద్దుగాల ఆయనకు అన్నం డబ్బా కట్టిస్త. చెప్పులేసుకుంట గదే మాట అంటడు, నేను అడగకముందే. మీరనేది అబద్ధమని అంటలేను. రోజు మంచిగనే వస్తుండు. గని వచ్చేదాంక నా చెయ్యి బీడీల మీద ఉంటది, చెవు దర్వాజ దిక్కుంటది. కట్టకు ఎన్ని పెట్టిన్నో మర్చిపోత. కార్ఖానాల తిడుతరు. చెప్పుల సప్పుడు ఇన్నంకనే నా పానం కిందికి దిగుతది." ఆమె పైకి చూసింది. "గీ ఇంట్లకొస్తె, ఆయన ఇంట్ల కూసున్నంక గూడ నేను మీదికే చూడాలె. నాతోని గాదు సార్."

ఇన్‌స్పెక్టర్ వరండా మెట్టు మీద నిలబడ్డాడు, చినుకులు మీద పడుతున్నా లోపలికి రాలేదు.

"గిన్నేండ్ల సంది ఒక్కపారి గూడ చెప్పలే" అన్నాడు.

"నువ్వెన్నడు అడిగినవు?"

పెద్దాయన అప్పుడే ఎక్కడి నుంచో ప్లాస్టిక్ గ్లాసుల్లో చాయ్ తెప్పించాడు. సంగతి గ్రహించి, "సారు కొలిచి సరిపోయిందన్నరు గదమ్మా" అన్నాడు మెల్లగా.

"సరిపోయింది బాపూ. ఇల్లు మంచిగనే ఉన్నది. నాకే సరిపోలే."

చాయ్ తాగాం. పైన ఇంకా వేగుతూనే ఉంది. నేను డబ్బాను సంచిలో పెట్టుకున్నాను. అంత బాగా కొలిచి, అంత పనికిరాకుండా పోయిన కొలత నా సర్వీసులో ఇంకొకటి లేదు.

ఉగాదికి రెండు రోజుల ముందు వాళ్లు మాక్లూర్ దారిలో ఒక చిన్న ఇంట్లోకి మారారు. సొంతదే. వరండా పడమరకు ఉంది. ఆమె గోనెపట్టాలు కట్టి, వాటి మీద నీళ్లు చల్లుకుని కూర్చునేది. ఊళ్లోని కరెంటు స్తంభాలకు కూడా అది చివరి ఇల్లు, ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకునేంత నిదానంగా తిరిగేది. "సార్, మా ఇంట్ల వోల్టేజి లేదు" అని నాకే ఫిర్యాదు చేశాడు. ఇంటింటి కరెంటు మా పరిధి కాదు, వేరే ఆఫీసులో చెప్పుకోవాలని జవాబిచ్చాను. లైన్ కింది ఇల్లు మాక్లూర్ పార్టీ తీసుకుంది. నాకు తెలిసినంతలో బాగానే ఉన్నారు. వాళ్లు నన్ను అడగలేదు.

ఆ వేసవిలోనే గమనించాను. ఇన్‌స్పెక్టర్ టవర్ దిగాక, నడుముకు కట్టుకున్న బెల్టు కూడా విప్పకముందే ఫోన్ తీసి పక్కకు వెళ్లేవాడు. "ఆఁ, దిగిన" అనేవాడు. అంతే. ఫోన్ జేబులో పెట్టుకుని వచ్చేవాడు. గ్యాంగ్ ఊరుకుంటుందా.

"ఏందన్నా, వదినె హాజరు తీసుకుంటున్నదా?"

"జీతం గూడ కోస్తదా అన్నా, గైర్‌హాజరైతె?"

అతను బెల్టు విప్పుకుంటూ ఉండేవాడు. కొన్ని వారాలు నవ్వుకున్నారు. తర్వాత ఒకడు, ఏదో వేరే పనున్నట్టు గెట్టు మీదికి నడిచి, అటు తిరిగి ఫోన్ చేయడం చూశాను. తర్వాత ఇంకొకడు. వానాకాలం వచ్చేసరికి, పని ముగిశాక వరి మడుల మధ్య తలా ఒక దిక్కుకు తిరిగి నిలబడి, "దిగిన", "దిగిన అవ్వా", "దిగిన అంటున్న గద" అని గొణుగుతుండేవాళ్లు. మా భద్రతా నియమాల పుస్తకంలో ఇది లేదు. పై ఆఫీసు వాళ్లు మీ జీపు ఎందుకు ఆలస్యంగా వస్తోందని అడిగితే సామాను సర్దుతున్నారని చెప్పేవాణ్ణి.

ఒక రోజు గాలి బాగా ఉంది, పని తొందరగా సాగలేదు. మామూలుగా దిగే వేళ దాటిపోయింది. ఇన్‌స్పెక్టర్ ఫోన్ జీపు సీటు మీద మోగుతోంది. రెండుసార్లు మోగి ఆగింది. మూడోసారి నేను ఎత్తాను.

"దిగిండా?" అంది ఆమె. నా గొంతు విని, "సార్, మీరా. దిగిండా సార్?"

"ఇంకా లేదమ్మా. గాలి ఉంది. పనైపోయింది, దిగుతున్నాడు." ఆ తర్వాత ఏం కాదు అనబోయి ఆగాను.

"సరే సార్" అంది. ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు.

అప్పుడు జీపు దిగి, మెడ ఎత్తి, చూస్తున్నది చూస్తున్నట్టు చెప్పడం మొదలుపెట్టాను. టవర్‌కు అడ్డంగా చాచిన ఇనుప చేతుల్లో పైదాని దగ్గర కొక్కెం విప్పుకుంటున్నాడు. మధ్య చెయ్యి దగ్గరికి వచ్చాడు. ఆగాడు. గాలి తగ్గడానికి ఆగినట్టున్నాడు. మళ్లీ కదిలాడు. కింది చెయ్యి దాటాడు. అటు వైపు ఆకు కత్తిరించే చప్పుడు వినపడలేదు. టవర్ కాళ్ల మధ్యకు వచ్చాడు. ఇప్పుడు ఎడమ కాలు కింద పెట్టాడు.

"రెండోది?" అంది ఆమె.

"రెండోది కూడా" అన్నాను.